మైకేల్ చాంగ్ ఒక్క మ్యాచ్ ఆటగాడేనా? ఆట, కుటుంబం, చేపల తొట్లు

మీ ప్రశ్న సారాంశం ఇది. 1989 ఫ్రెంచ్ ఓపెన్‌లో ఇవాన్ లెండల్‌కు అమెరికా టెన్నిస్ ఆటగాడు మైకేల్ చాంగ్ అండర్‌ఆర్మ్ సర్వ్ (చేయి పైకెత్తకుండా కింది నుంచి కొట్టే సర్వ్) వేసిన వీడియో చూశారు. ఆ టైటిల్ అదృష్టం కొద్దీ వచ్చిందా, ఆ తరువాత అతను ఏమయ్యాడు, ఆట బయట ఎలాంటి మనిషి అని అడిగారు. పన్నెండేళ్ల మీ అబ్బాయి పొట్టిగా ఉన్నాడని అకాడమీలో అంటున్నారనీ, చాంగ్ కథ అతనికి ఏమైనా పనికివస్తుందా అనీ చివర్లో అడిగారు.

సూటిగా చెప్పాలంటే, చాంగ్ ఒక్క మ్యాచ్ ఆటగాడు కాడు. అతను గెలిచిన సింగిల్స్ టైటిళ్లు 34, గెలిచిన మ్యాచ్‌లు 662. 1996 సెప్టెంబరులో ప్రపంచ 2వ ర్యాంకుకు చేరాడు. 1992 నుంచి 1997 వరకు వరుసగా ఆరేళ్లు ఏడాది చివరి ర్యాంకుల్లో తొలి పదిమందిలో ఉన్నాడు. సంప్రాస్, అగస్సీ, కూరియర్, బెకర్, ఎడ్బర్గ్ వంటి మేటి ఆటగాళ్లు ఉన్న కాలంలో 5 అడుగుల 9 అంగుళాల మనిషి సాధించిన లెక్క ఇది. హైదరాబాదులో చాలా ఏళ్లుగా జూనియర్లకు శిక్షణ ఇస్తున్నవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, పారిస్ టైటిల్ కన్నా 1994 తరువాత తన సర్వ్‌ను అతను మళ్లీ కట్టుకున్న తీరులోనే నేర్చుకోదగినది ఎక్కువగా ఉంది. అయితే మీరు చూసిన వీడియో పారిస్‌ది కనుక ముందు దాని సంగతి, అంతకన్నా ముందు అతని కుటుంబం సంగతి చెప్పాలి.

చాంగ్ 1972 ఫిబ్రవరి 22న న్యూజెర్సీలోని హోబోకెన్‌లో పుట్టాడు. తండ్రి జో చాంగ్ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పుట్టి, అంతర్యుద్ధ కాలంలో కుటుంబంతో తైవాన్ చేరి, అక్కడి నుంచి ఉన్నత చదువు కోసం అమెరికా వెళ్లిన రసాయన శాస్త్రవేత్త. తల్లి బెట్టీ కూడా అదే రంగంలో పనిచేశారు. మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. బెట్టీ తండ్రి దౌత్యాధికారి కావడంతో ఆమె పుట్టింది న్యూఢిల్లీలో. కుటుంబం న్యూజెర్సీ నుంచి మిన్నెసోటాకు, ఆ తరువాత దక్షిణ కాలిఫోర్నియాకు మారింది. జో చాంగ్ పెద్దయ్యాక టెన్నిస్ నేర్చుకుని, ఇద్దరు కొడుకులకూ తానే నేర్పించారు. అన్న కార్ల్ మూడేళ్లు పెద్దవాడు. చిన్నవాడికి రోజూ ఎదురుగా నిలిచిన ప్రత్యర్థి అతనే. ప్రతిరోజూ తనకన్నా పొడవైన, బలమైన అన్నతో ఆడే తమ్ముడు బంతిని ఒక్క దెబ్బతో ముగించే ఆట ఆడలేడు. పరుగెత్తడం, ఒక బంతి ఎక్కువ వెనక్కి పంపడం, ఎదుటివాడు ఎక్కడికి కొడతాడో ముందే పసిగట్టడం మాత్రమే అతనికి మిగిలే దారులు. మా దగ్గరకు వచ్చే అన్నదమ్ముల జంటల్లో చిన్నవాడి కాళ్లు చురుగ్గా ఉండడం నేను తరచుగా చూస్తాను.

ఈ పెంపకం ఫలితాలు చాలా త్వరగా వచ్చాయి. 1987లో పదిహేనేళ్ల వయసులో 18 ఏళ్లలోపు బాలుర జాతీయ టైటిల్ గెలిచి, దానివల్ల యూఎస్ ఓపెన్‌లో ప్రవేశం పొంది, మొదటి రౌండులో పాల్ మెక్‌నామీని ఓడించాడు. యూఎస్ ఓపెన్ పురుషుల ప్రధాన పోటీలో మ్యాచ్ గెలిచిన అతి పిన్న వయస్కుడయ్యాడు. 1988లో పదహారో పుట్టినరోజుకు కాస్త ముందు ప్రొఫెషనల్‌గా మారి, అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి టైటిల్ అందుకున్నాడు. పాఠశాల చదువును పదో తరగతితో ఆపి, సమానార్హత పరీక్ష రాశాడు. ఇద్దరు శాస్త్రవేత్తల ఇంట్లో ఇది తేలికగా తీసుకున్న నిర్ణయం అయివుండదు. తొలి ఏళ్లలో తల్లి తన ఉద్యోగం వదిలి అతనితోపాటు టోర్నమెంట్లకు తిరిగారు. 1991 నుంచి కార్ల్ కోచ్ బాధ్యత తీసుకున్నాడు. అంటే ఇల్లంతా ఒక్కడి ఆట చుట్టూ తిరిగింది. ఈ విషయాన్ని చాలామంది తల్లిదండ్రులు ఆదర్శంగా చెబుతుంటే నేను ఒప్పుకోను. ఆ కుటుంబానికి అది కుదిరింది. అదే ఏర్పాటుతో ఇల్లు, చదువు, ఆట మూడూ దెబ్బతిన్న పిల్లలను కూడా నేను చూశాను.

ఇక 1989 పారిస్. అప్పుడు చాంగ్ వయసు 17 ఏళ్ల 3 నెలలు, సీడింగ్ (బలాన్ని బట్టి టోర్నీలో ఇచ్చే వరుస) 15. మట్టికోర్టుపై ఆడి పెరిగిన స్పెయిన్ మాజీ ఆటగాడు హోసే హిగెరాస్ సలహాలు ఆ రోజుల్లో అతనికి అందుతున్నాయి. రెండో రౌండులో పీట్ సంప్రాస్‌పై 6-1, 6-1, 6-1తో గెలిచాడు. సంప్రాస్ ఇంకా కుర్రవాడే, మట్టికోర్టు అతనికి ఎప్పుడూ కలిసిరాలేదు కూడా. జూన్ 5న నాలుగో రౌండులో ఎదురైన లెండల్ ప్రపంచ 1వ ర్యాంకు ఆటగాడు, అప్పటికి ఆ టోర్నీని మూడుసార్లు గెలిచినవాడు. మొదటి రెండు సెట్లు 6-4, 6-4తో లెండల్‌వే. తరువాతి రెండు సెట్లు చాంగ్ 6-3, 6-3తో గెలిచాడు కానీ, నాలుగో సెట్ నుంచే అతని కాలి కండరాలు పట్టేయడం మొదలైంది.

ఐదో సెట్‌లో అతను చేసిన పనులను వరుసగా గమనిస్తే మీ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. కూర్చుంటే కాళ్లు బిగుసుకుంటాయని కోర్టు మారే విరామాల్లో నిలబడే నీళ్లు తాగాడు, అరటిపండ్లు తిన్నాడు. ర్యాలీలో బంతిని ఆకాశానికి లేపి, అది దిగివచ్చేలోగా ఊపిరి తీసుకున్నాడు. అందిన బంతిని మాత్రం పరుగు తీయాల్సిన అవసరం రాకుండా ఒక్క దెబ్బతో ముగించడానికి కొట్టాడు. ఒక దశలో ఇక ఆడలేనని చెప్పడానికి అంపైర్ వైపు నడిచి, మధ్యలో మనసు మార్చుకుని వెనుదిరిగానని తరువాత అతనే చెప్పాడు. 4-3 ఆధిక్యంలో, తన సర్వీసులో 15-30 వెనుకబడి ఉన్నప్పుడు అండర్‌ఆర్మ్ సర్వ్ వచ్చింది. కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ వెనుక ఉన్న లెండల్ ముందుకు పరుగెత్తవలసి వచ్చింది, పాయింట్ చాంగ్‌కు దక్కింది. మ్యాచ్ పాయింట్ దగ్గర లెండల్ రెండో సర్వ్ వేయబోతుండగా చాంగ్ దాదాపు సర్వీస్ లైన్ (నెట్‌కూ బేస్‌లైన్‌కూ మధ్యనున్న గీత) దాకా వచ్చి నిలబడ్డాడు. లెండల్ డబుల్ ఫాల్ట్ చేశాడు, అంటే రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోగొట్టుకున్నాడు. మొత్తం 4 గంటల 37 నిమిషాలు.

అండర్‌ఆర్మ్ సర్వ్ నిబంధనలకు పూర్తిగా లోబడినదే. బంతి నేలను తాకకముందే రాకెట్‌తో కొట్టాలి, సరైన బాక్సులో పడాలి, అంతే. చాంగ్‌కు అది తెలివి చూపించుకునే చేష్ట కాదు. కాళ్లు పనిచేయక మామూలు సర్వ్‌లో బలం పోయినప్పుడు, ఎదుటివాడు బాగా వెనక్కి నిలబడ్డాడని చూసి ఎంచుకున్న దారి. ఈ తేడాను పిల్లలకు చెప్పడం ముఖ్యం. వీడియో చూసి వచ్చిన ఒక కుర్రాడు మా జిల్లా స్థాయి పోటీలో 5-1 ఆధిక్యంలో ఉండగా నవ్వుతూ అండర్‌ఆర్మ్ సర్వ్ వేశాడు. ఎదుటి అబ్బాయి ఒక్క అడుగు ముందుకు వేసి దాన్ని మూలకు కొట్టాడు. నేను మా వాడిని మందలించలేదు, కాని ఆ సాయంత్రం ఎదుటివాడి కాళ్లు ఎక్కడున్నాయో చూసి చెప్పే అభ్యాసం ఒకటి చేయించాను.

అదృష్టం అన్న మాట ఎందుకు నిలవదంటే, లెండల్‌పై గెలుపుతో టోర్నీ ముగియలేదు. కాళ్లు పట్టేసిన ఆ మనిషే రొనాల్డ్ అజెనార్‌ను, ఆ తరువాత ఆండ్రీ చెస్నకోవ్‌ను ఓడించి, జూన్ 11న ఫైనల్లో స్టెఫాన్ ఎడ్బర్గ్‌పై 6-1, 3-6, 4-6, 6-4, 6-2తో గెలిచాడు. ఐదు సెట్ల ఫైనల్లో 1-2 సెట్లతో వెనుకబడి గెలవడం ఒక తెలివైన సర్వ్ వల్ల అయ్యే పని కాదు. పురుషుల గ్రాండ్‌స్లామ్ (ఏడాదిలో జరిగే నాలుగు అతిపెద్ద టోర్నీలు) సింగిల్స్ గెలిచిన అతి పిన్న వయస్కుడిగా అతని రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. 1955లో టోనీ ట్రాబర్ట్ తరువాత ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన తొలి అమెరికన్ పురుషుడు కూడా అతనే.

ఆ పక్షం రోజులకు మరో నేపథ్యం ఉంది. లెండల్ మ్యాచ్‌కు ముందు రోజే బీజింగ్‌లోని తియానన్మెన్ చౌక్ దగ్గర విద్యార్థులపై సైన్యం కాల్పులు జరిపింది. ఆట లేని సమయంలో టీవీ ముందు కూర్చుని ఆ వార్తలే చూస్తూ ఉండేవాడినని, చైనీయులకు నవ్వడానికి కారణాలేవీ లేని ఆ రోజుల్లో తన గెలుపు వారి ముఖాల్లో చిరునవ్వు తేవడానికే అనుకున్నానని చాంగ్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పాడు. అతను అమెరికాలో పుట్టి పెరిగినవాడు, దేశాల జట్ల పోటీ అయిన డేవిస్ కప్‌లో అమెరికాకే ఆడాడు. 1990 సెమీఫైనల్లో వియన్నాలో హోర్స్ట్ స్కాఫ్‌పై రెండు సెట్లు కోల్పోయి కూడా నిర్ణాయక మ్యాచ్ గెలిపించాడు, ఆ ఏడాది కప్పు అమెరికాదే. అయినా తల్లిదండ్రుల మూలాలతో తన బంధాన్ని దాచుకోలేదు. 1993, 1994, 1995లలో వరుసగా బీజింగ్ టోర్నీని గెలిచాడు. హాంకాంగ్, కౌలాలంపూర్, జకార్తాలలో అతను ఆడితే స్టేడియాలు నిండేవి. ఆసియా టోర్నీలను పెద్ద ఆటగాళ్లు ఇంకా పక్కదారిగా చూస్తున్న కాలంలో వాటిని తన ఏడాది ప్రణాళికలో ప్రధానంగా పెట్టుకున్నవాడు చాంగ్.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న భాగం. 1990ల మొదట్లో పురుషుల ఆట వేగం పెరిగింది, సర్వ్‌లు బరువెక్కాయి. 1992 యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లో చాంగ్ 5 గంటల 26 నిమిషాలు పోరాడి ఎడ్బర్గ్ చేతిలో ఓడిపోయాడు. ప్రతి పాయింటుకూ పరుగెత్తి గెలవవలసిన ఆటగాడికి ఉచితంగా వచ్చే పాయింట్లు ఉండవు. పెద్ద సర్వ్ ఉన్నవాడు ఒక గేమ్‌ను నిమిషంలో ముగిస్తుంటే ఇతను అదే గేమ్‌కు ఐదు నిమిషాలు చెమటోడ్చాలి. అన్నదమ్ములిద్దరూ ఈ లోపాన్ని ముసుగు వేయకుండా చూశారు. 1994 ప్రాంతంలో మామూలు 27 అంగుళాలకు బదులుగా 28 అంగుళాల పొడవున్న రాకెట్‌కు మారారు.

ఒక్క అంగుళం ఏం చేస్తుందని అడుగుతారు. లెక్క చూడండి. నెట్ ఎత్తు మధ్యలో 3 అడుగులు. బేస్‌లైన్ నుంచి నెట్‌కు 39 అడుగులు, నెట్ నుంచి సర్వీస్ లైన్‌కు 21 అడుగులు. గురుత్వాకర్షణను, గాలిని, స్పిన్‌ను పక్కనపెట్టి బంతి సరళరేఖలో వెళుతుందనుకుంటే, అది నెట్ మీదుగా సర్వీస్ బాక్సులో పడాలంటే దాదాపు 8.6 అడుగుల ఎత్తున రాకెట్‌కు తగలాలి. చాంగ్ ఎత్తున్న ఆటగాడు చెయ్యి పూర్తిగా చాచి కొట్టే బంతి సుమారుగా ఆ ఎత్తులోనే ఉంటుంది. అంటే అతను సరిగ్గా గీత మీద నిలబడి ఉన్నాడు. ఆరున్నర అడుగుల మనిషికి అంగుళం పెద్ద లెక్క కాదు, ఇతనికి మాత్రం అది నెట్ పైన తెరుచుకునే కిటికీ. పైగా పొడవైన రాకెట్ తల ఎక్కువ వేగంతో తిరుగుతుంది కనుక అదే శ్రమకు బంతి ఇంకాస్త వేగంగా వెళుతుంది. ఇందులో నష్టం కూడా ఉంది. తిప్పడానికి రాకెట్ బరువుగా అనిపిస్తుంది, దేహానికి దగ్గరగా వచ్చిన బంతిని కొట్టడం కష్టమవుతుంది, నెట్ దగ్గర వాలీలో (బంతి నేలను తాకకముందే కొట్టే దెబ్బలో) చేయి ఆలస్యమవుతుంది. చాంగ్ రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌తో బేస్‌లైన్ నుంచి ఆడేవాడు కాబట్టి ఈ నష్టాన్ని భరించగలిగాడు. రాకెట్‌తోపాటు వ్యాయామం, కాలి బలం, సర్వ్ కదలిక కూడా మారాయి. రాకెట్ ఒక్కటే చేసిన పని ఇది కాదు.

ఫలితం 1995 నుంచి కనిపించింది. ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్‌లో రెండేళ్లుగా విజేతగా ఉన్న సెర్గీ బ్రుగేరాను ఓడించి ఫైనల్‌కు చేరి థామస్ ముస్టర్ చేతిలో ఓడాడు. 1996 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో బోరిస్ బెకర్, అదే ఏడాది యూఎస్ ఓపెన్ ఫైనల్లో సంప్రాస్ అతన్ని ఆపారు. ఆ రెండు టోర్నీల సెమీఫైనళ్లలోనూ అగస్సీని వరుస సెట్లలో ఓడించాడు. 1996, 1997లలో ఇండియన్ వెల్స్ గెలిచాడు. గ్రాండ్‌స్లామ్‌ల తరువాతి స్థాయి అయిన అలాంటి టోర్నీలు మొత్తం ఏడు అతని ఖాతాలో ఉన్నాయి. రెండో గ్రాండ్‌స్లామ్ దక్కలేదు, దాన్ని లోటు కాదని నేను అనను. 1998 నుంచి గాయాలు, వయసు మీదపడడంతో పరుగు తగ్గింది. పరుగు మీద కట్టిన ఆటలో అది తగ్గితే మిగతాదంతా జారుతుంది. 2000లో లాస్ ఏంజెలెస్‌లో చివరి టైటిల్ గెలిచి, 2003 యూఎస్ ఓపెన్‌తో ఆట మానేశాడు. 2008లో అతనికి అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఆట బయటి ఆసక్తుల విషయం. చాంగ్‌కు చేపలంటే రెండు రకాల ఇష్టం ఉంది: గాలం వేసి పట్టడం, ఇంట్లో తొట్లలో పెంచడం. టోర్నమెంట్లకు వెళ్లినప్పుడు దగ్గర్లో చెరువో సరస్సో ఉందేమో వెతికేవాడు. ఇంట్లో ఆఫ్రికా సరస్సులకు చెందిన సిక్లిడ్ జాతి రంగుల చేపలను పెంచి, వాటిచేత పిల్లలు పెట్టించేవాడు. మన చెరువుల్లో కనిపించే తిలాపియా కూడా ఈ కుటుంబానిదే, కాకపోతే మలావీ సరస్సు సిక్లిడ్‌ల నీలం, పసుపు రంగులు చూస్తే నమ్మబుద్ధి కాదు. వీటిని పెంచేవారికి నా మాట అర్థమవుతుంది: నీటి క్షారత సరిగా లేకపోతే చేపలు నీరసిస్తాయి, మగచేపలు తమ చోటు కోసం ఒకదాన్నొకటి చంపేదాకా వెళతాయి, చాలా రకాల్లో తల్లి గుడ్లను నోట్లో దాచుకుని వారాల తరబడి తిండి మానేస్తుంది. ఓపిక లేనివాడు ఈ వ్యాపకంలో ఒక్క ఏడాది కూడా నిలవడు.

రెండోది మతవిశ్వాసం. తాతయ్య, అమ్మమ్మలు ఇచ్చిన బైబిల్ చదివి పదిహేనేళ్ల వయసులో క్రైస్తవ విశ్వాసాన్ని స్వీకరించానని అతను చెబుతాడు. ప్రతి విజయం తరువాత బహిరంగంగా దేవునికి కృతజ్ఞత చెప్పడం కొందరు ప్రేక్షకులకు రుచించకపోయినా మానలేదు. 1999లో కుటుంబం పేరిట ఒక ఫౌండేషన్ ప్రారంభించారు. ఆట మానేశాక కాలిఫోర్నియాలోని బయోలా విశ్వవిద్యాలయంలో మతశాస్త్రం చదివాడు. పాఠశాల చదువు పదో తరగతితో ఆపినవాడు ముప్పై దాటాక తరగతి గదికి తిరిగి వెళ్లడం నాకు నచ్చిన విషయం. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం తరఫున రెండుసార్లు జాతీయ కళాశాల సింగిల్స్ టైటిల్ గెలిచిన అంబర్ లియూను 2008లో పెళ్లి చేసుకున్నాడు. వారికి ముగ్గురు పిల్లలు.

మూడోది శిక్షణ. 2014 సీజన్ నుంచి జపాన్ ఆటగాడు కెయి నిషికోరికి కోచ్‌గా చేరాడు. నిషికోరి కూడా 5 అడుగుల 10 అంగుళాలవాడే. అదే ఏడాది యూఎస్ ఓపెన్ సెమీస్‌లో జకోవిచ్‌ను ఓడించి, గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్ ఆడిన తొలి ఆసియా పురుషుడయ్యాడు. 2015లో 4వ ర్యాంకుకు చేరాడు. 2025లో లర్నర్ టియెన్ చాంగ్ శిక్షణలోకి వచ్చాడు. వియత్నాం నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన ఎడమచేతి వాటం కుర్రవాడతను, పెద్ద సర్వ్‌తో కాక మెదడుతో పాయింట్లు కట్టే రకం. టియెన్‌తో సమవయస్కుడు, జూనియర్ రోజుల నుంచి సహచరుడు మన నిషేశ్ బసవరెడ్డి. నెల్లూరు నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు దక్షిణ కాలిఫోర్నియాలోనే పుట్టాడు. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో జకోవిచ్ నుంచి మొదటి సెట్ గెలుచుకున్నాడు. వలస కుటుంబాల పిల్లలు అమెరికా పురుషుల టెన్నిస్‌లో మొదటి వరుసకు రావడం ఈనాడు వింత కాదు. 1989లో అది వింత.

మీ అబ్బాయి గురించి. పన్నెండేళ్ల వయసులో ఎత్తు చూసి భవిష్యత్తు చెప్పేవారి మాట వినకండి. ఆ వయసులో కొందరికి ఎదుగుదల మొదలైవుంటుంది, కొందరికి ఇంకా ఉండదు. అలాగని చాంగ్ ఉన్నాడు కదా, ఎత్తుతో పనిలేదు అని కూడా నేను అనను. నేటి పురుషుల ఆటలో ఎత్తు పెద్ద సౌకర్యమే. దాన్ని దాటాలంటే రిటర్న్ (ఎదుటివాడి సర్వ్‌ను తిప్పికొట్టడం), కాలి కదలిక, రెండో సర్వ్ ఈ మూడూ తోటివారికన్నా స్పష్టంగా మెరుగ్గా ఉండాలి. ఇప్పుడే పొడవైన రాకెట్ కొనకండి. పెరుగుతున్న మణికట్టుకు, భుజానికి అది భారం. సర్వ్ పద్ధతి కుదిరి, ఎదుగుదల పూర్తయ్యాక ఆలోచించవచ్చు. నిబంధనల ప్రకారం 29 అంగుళాల వరకు అనుమతి ఉంది. ఇప్పుడు రెండో సర్వ్‌కు స్పిన్ నేర్పించండి, తనకన్నా పెద్దవారితో వారానికి ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడించండి, గెలుపోటములు లెక్కపెట్టకండి.

చూపించడానికి మ్యాచ్ కావాలంటే లెండల్ మ్యాచ్‌తోపాటు 1996 ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్, అగస్సీపై ఆడినది వెతకండి. అందులో నాటకం లేదు, కండరాలు పట్టేయడం లేదు, మూడు సెట్లలో అయిపోతుంది. అగస్సీ రెండో సర్వ్ వేసేటప్పుడు చాంగ్ ఎక్కడ నిలబడ్డాడో, బంతి తగిలిన వెంటనే ఏ పాదం ముందు కదిలిందో అబ్బాయిని కాగితం మీద రాసుకోమనండి. ఒక సెట్ రాస్తే చాలు, మిగతాది కోర్టులో మాట్లాడుకోవచ్చు.